మాక్ షూ చేయబోతే పాలు విరిగాయి, నీళ్లు తేలాయి. ఆదివారం లోపు గట్టెక్కించండి

బయ్యూ_కోడలు | లఫాయెట్, లూసియానా | మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం ఇక్కడికొచ్చి పద్నాలుగు నెలలైంది. మా పక్కింట్లో డెబ్బై దాటిన పెద్దావిడ ఉంటారు. అసలు సిసలు కేజన్ మనిషి, అంటే ఇక్కడి పాత ఫ్రెంచి కుటుంబాల వాళ్లు. ఇంగ్లిష్ మాట్లాడుతూ మాట్లాడుతూ ఫ్రెంచిలోకి జారిపోతుంటారు. నిన్న సాయంత్రం, వాళ్ల అన్నగారి పొలం నుంచి వచ్చాయంటూ రెండు డజన్ల మొక్కజొన్న పొత్తులు గోనెసంచిలో తెచ్చి మా గుమ్మంలో పెట్టారు. "ఆదివారం మా ఇంట్లో చేపల వేపుడు. నువ్వు మాక్ షూ చేసుకురా" అని చెప్పి వెళ్లిపోయారు. మాక్ షూ అంటే వీళ్ల మొక్కజొన్న కూర. నేనూ అంతా తెలిసినదానిలా తలూపాను.

ఇవాళ ఒక వీడియో చూసి ఆరు పొత్తులతో చేశాను. వెన్నలో ఉల్లిపాయ, కాప్సికం వేయించి, గింజలు, మూడు టమాటాలు వేసి, బాగా ఉడుకుతుండగా కప్పు పాలు పోశాను. వీడియోలో చెప్పారని రెండు చెంచాల పంచదార కూడా. రెండు నిమిషాల్లో పాలు విరిగి, పనీర్ చేస్తున్నట్టు తునకలు తునకలుగా తేలాయి. అడుగున ఎర్రటి నీళ్లు. రుచి చూస్తే పాయసంలో పొరపాటున ఉప్పు పడినట్టుంది. మా ఆయన ఒక ముద్ద తిని "బాగుంది. ఇంతకీ ఏంటిది?" అన్నారు. ఆయన శాకాహారి, అందుకే బేకన్ (పొగపెట్టిన పంది మాంసం) వేయలేదు.

ఇంకా 18 పొత్తులున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

పెసరట్టు99 | డాలస్ | మంగళవారం రాత్రి 9:52

మాకు షూ, మరి మీకు చెప్పులా?

సారీ అక్కా, ఆపుకోలేకపోయాను. తెలిసినవాళ్లు వస్తారు, ఉండండి.

బాటన్‌రూజ్_బాబాయ్ | బాటన్ రూజ్ | మంగళవారం రాత్రి 10:31

అమ్మాయ్, ముందు ధైర్యంగా ఉండు. ఇరవై రెండేళ్ల కింద నేను ఇంతకన్నా ఘోరంగా చేశాను. దాన్ని పారబోయడానికి కూడా సిగ్గేసింది.

ముందు ఇది ఏం వంటో ఒక మాట చెప్తాను, అది తెలిస్తే చేసే పద్ధతి దానంతటదే తెలుస్తుంది. వీళ్ల పెద్దలు కెనడాలో నోవా స్కోషియా వైపు ఉండే ఫ్రెంచివాళ్లు. ఆ ప్రాంతాన్ని అకాడీ అనేవారు. 1755లో బ్రిటిష్ వాళ్లు వీళ్లను ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించి ఓడలెక్కించారు. చెల్లాచెదురైనవాళ్లలో కొందరు 1760ల నుంచి లూసియానా చేరారు. తర్వాత 1785లో ఫ్రాన్స్ నుంచి ఏడు ఓడల్లో మరో పదహారు వందల మంది దాకా వచ్చారు. అప్పటికి ఇది స్పెయిన్ చేతిలో ఉంది. అకేడియన్ కాస్తా నోట్లో నలిగి నలిగి కేజన్ అయింది.

వచ్చినవాళ్లు గోధుమ తినే జనం. ఈ ఉక్కలో, ఈ చిత్తడిలో గోధుమ ఎక్కడ పండుతుంది? ఇక్కడి ఆదివాసులు, చిటిమాచా, చాక్టా, హూమా లాంటివాళ్లు, ఎప్పటి నుంచో పండిస్తున్నది మొక్కజొన్న. వీళ్లూ దానికే అలవాటు పడ్డారు. వాళ్ల మొక్కజొన్న, వీళ్ల మూకుడు కలిస్తే మాక్ షూ అయిందని ఇక్కడ చెప్పుకుంటారు. ఫ్రెంచిలో షూ అంటే క్యాబేజీ. ఇందులో క్యాబేజీ రేకు కూడా ఉండదు. అందుకే ఆదివాసుల మాట ఏదో ఫ్రెంచి నోట్లో పడి ఇలా మారిందనేవాళ్లే ఎక్కువ.

ఇది పాలు పోసి వండే కూర కాదు, సూప్ కాదు. మనం దోసకాయనో బీరకాయనో మూతపెట్టి దాని నీళ్లతోనే మగ్గబెడతామే, అదీ సంగతి. వీళ్ల ఎతూఫే అన్న ఇంకో వంట పేరుకు కూడా అర్థం అదే, మగ్గబెట్టడం. నువ్వు మగ్గబెట్టలేదు, పాలల్లో ఉడకేశావు.

ఇనప_మూకుడు | హ్యూస్టన్ | మంగళవారం రాత్రి 11:15

బాబాయ్ గారు చరిత్ర చెప్పారు కాబట్టి నేను పాల గొడవ చెప్తాను.

పాలు ఎందుకు విరిగాయంటే, మూడు టమాటాల పులుపు మరుగుతున్న వేడిలో కలిసింది కాబట్టి. మనం పనీర్‌కి నిమ్మరసం పిండేది ఇందుకే కదా. వెన్న తీసిన పాలైతే ఇంకా త్వరగా విరుగుతాయి. పాలకు బదులు చిక్కటి క్రీమ్ వాడితే అందులో కొవ్వు ఎక్కువ, విరిగే మాంసకృత్తులు తక్కువ, కాబట్టి తట్టుకుంటుంది. అదీ చివర్లో, మంట తగ్గించాక.

కానీ నాకు అసలు అనుమానం వేరే. గింజలు ఎలా కోశారు? కండెలు ఏం చేశారు?

బయ్యూ_కోడలు | లఫాయెట్ | బుధవారం ఉదయం 7:05

బాబాయ్ గారూ, థాంక్స్ అండీ. ఎతూఫే సంగతి ఇప్పుడే తెలిసింది. మా ఆఫీసు క్యాంటీన్‌లో రొయ్యల ఎతూఫే రోజూ చూస్తాను, అది రొయ్యల ఇగురులాగే ఉందే అనుకునేదాన్ని!

మూకుడు గారూ, పొత్తును నిలబెట్టి చాకుతో పైనుంచి కిందికి ఒక్క కోతలో గింజలన్నీ కోసేశాను. పళ్ల వరుసలా పలకలు పలకలుగా వచ్చాయి. చూడ్డానికి చాలా బాగున్నాయి. కండెలు చెత్తలో వేశాను.

ఇందూరు_మక్క | నిజామాబాద్ | బుధవారం ఉదయం 7:20

కండెలు పారేసినవా అక్కా!! అయ్యో. సగం పాలు దాంట్లనే ఉన్నయి.

నాకు మీ అమెరికా వంటలు తెలియవు. మక్క గారెలు మాత్రం పుట్టినప్పటి నుంచి తింటున్నాను. వానలు పడి కంకులు చేతికొచ్చాయంటే మా ఇంట్లో వారానికి రెండుసార్లు గారెలే. మా అమ్మ గింజ పట్టుకుని చూసి చెప్తుంది. గోరుతో గిచ్చితే నీళ్లలాంటి రసం వస్తే ఇంకా పచ్చిది, రెండు రోజులు ఆగాలి. పాలు చిమ్మితే పాలకంకి, అదే కావాలి. గోరు దిగి పిండి ముద్దలాగా అంటుకుంటే ముదిరింది, ఇక అది కాల్చుకోవడానికో గటకకో.

ఆ పాలు గింజలో సగం, కండెను అంటుకున్న చోట సగం ఉంటాయి. చాకుతో గింజను మొదలంటా కోస్తే పాలన్నీ గింజ లోపలే బందీ అయిపోతాయి. గింజ పైసగం మాత్రమే కోయండి. తర్వాత కండెను పళ్లెంలో వాలుగా పట్టుకుని, చాకు వెనక వైపుతో గట్టిగా కిందికి గీకండి. చిక్కటి వెన్నలాంటిది జారుతుంది. మేం గారెల పిండి మరీ గట్టిగా ఉన్నప్పుడు ఇదే చేస్తాం.

బాటన్‌రూజ్_బాబాయ్ | బాటన్ రూజ్ | బుధవారం ఉదయం 7:58

> చాకు వెనక వైపుతో గట్టిగా కిందికి గీకండి

నిజామాబాద్‌లో కూర్చుని ఇక్కడి ఒపలూసస్ ఊరి ముసలమ్మ మాట చెప్పావు తల్లీ! నాకు ఈ వంట నేర్పింది మా ఆఫీసులో పనిచేసే అతని తల్లి. ఆవిడ పద్ధతి అచ్చం ఇదే. ఆవిడ ఇంట్లో గరిటెకు, చాకుకు ఉన్న గౌరవం క్రీమ్ డబ్బాకు లేదు. "పాలు కావాలంటే కండెను అడుగు, ఆవును కాదు" అనేవారు. (ఆవిడ ఫ్రెంచిలో అన్నది నేను ఇలా అర్థం చేసుకున్నాను. ఒక్క ముక్క అటూ ఇటూ కావచ్చు.)

ఈ తరం పెద్దవాళ్ల ఫ్రెంచి వెనక ఒక బాధ ఉంది. 1921 రాష్ట్ర రాజ్యాంగం తర్వాత బళ్లల్లో ఇంగ్లిష్ తప్ప మరొకటి ఉండకూడదన్నారు. బళ్లో ఫ్రెంచి మాట్లాడితే పిల్లలకు దెబ్బలు, మోకాళ్ల మీద కూర్చోబెట్టడాలు. 1968లో ఫ్రెంచిని కాపాడటానికి రాష్ట్రం ఒక మండలిని పెట్టింది గానీ, అప్పటికే ఒక తరం పిల్లలకు భాష చెప్పడం మానేసింది. అందుకే మీ పక్కింటావిడ మాట మధ్యలో ఫ్రెంచిలోకి వెళ్తే అర్థం కాకపోయినా ఆపకు, విను.

విత్తనాల_విద్యార్థి | బాటన్ రూజ్ | బుధవారం మధ్యాహ్నం 12:40

అందరూ కండె దగ్గరే ఆగారు. నేను గింజ లోపలికి వెళ్తాను. మొక్కల పెంపకం చదువుతున్నాను కాబట్టి భరించండి.

స్వీట్ కార్న్ అంతా ఒకటి కాదు. పాత రకాల్లో ఒక జన్యుమార్పు వల్ల గింజలో పంచదారతో పాటు ఫైటోగ్లైకోజన్ అనే పదార్థం పోగవుతుంది. నీళ్లలో కరిగిపోతుంది, నాలుక మీద మీగడలా ఉంటుంది. దక్షిణాది వాళ్లు ప్రాణం పెట్టే సిల్వర్ క్వీన్ అనే తెల్లగింజల రకం ఈ కోవదే. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ లాఫ్నన్ 1950లలో ఇంకో జన్యువును గుర్తించాడు. దాంతో పుట్టినవే సూపర్ స్వీట్ రకాలు. వీటిలో పంచదార బాగా ఎక్కువ, కోసి చాలా రోజులున్నా తీపి తగ్గదు, లారీల్లో ఎంత దూరమైనా పోతాయి. కానీ ఆ మీగడ పదార్థం చాలా తక్కువ. గింజ కరకరలాడుతుంది, పిండితే నీళ్లు వస్తాయి. సూపర్ మార్కెట్‌లో దొరికేవి ఎక్కువగా ఇవే. వీటితో చేస్తే తీపి మిగులుతుంది, చిక్కదనం రాదు. అప్పుడు జనం క్రీమ్ పోస్తారు. మాక్ షూలోకి క్రీమ్ ఇంతగా రావడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

మీవి పొలం నుంచి వచ్చాయి కాబట్టి పాతరకం కావచ్చు. ఒకటి గిచ్చి చూడండి. పాతరకమైతే ఇంకో చిక్కుంది. కోసిన గంటల్లోనే తీపి పిండిగా మారడం మొదలవుతుంది. ఎండలో, గోనెసంచిలో ఉంటే మరీ త్వరగా. దయచేసి ఇప్పుడే, పొట్టుతో సహా ఫ్రిజ్‌లో పెట్టండి.

బయ్యూ_కోడలు | లఫాయెట్ | బుధవారం మధ్యాహ్నం 12:48

సంచి ఇంకా గ్యారేజీలోనే ఉంది. పరిగెడుతున్నాను.

బయ్యూ_కోడలు | లఫాయెట్ | బుధవారం సాయంత్రం 6:10

ఫ్రిజ్‌లో కూరగాయలన్నీ బయటికి, పొత్తులన్నీ లోపలికి. గిచ్చి చూశాను. పాలు చిమ్మి కళ్లజోడు మీద పడ్డాయి! తెల్లగింజలే. రెండు మాత్రం కాస్త ముదిరినట్టున్నాయి.

కరివేపాకు_కట్ట | చికాగో | బుధవారం సాయంత్రం 6:45

అక్కా, ఇంత కష్టమెందుకు? ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి, చివర్లో కొబ్బరిపాలు పోస్తే అదిరిపోతుంది. నేను స్వీట్ కార్న్‌తో ఎప్పుడూ ఇలాగే చేస్తాను. కొబ్బరిపాలు విరగవు కూడా.

ఇనప_మూకుడు | హ్యూస్టన్ | బుధవారం సాయంత్రం 6:58

బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆవిడ అడిగింది మాక్ షూ. మన ఇంటికి ఎవరో పులిహోర తెస్తామని చెప్పి, చింతపండు బదులు వెనిగర్, పోపు బదులు చీజ్ వేసి తెస్తే మనం ఏమంటాం? మొహం మీద నవ్వుతాం, వంటింట్లోకెళ్లి అనాల్సినవన్నీ అంటాం.

కరివేపాకు_కట్ట | చికాగో | బుధవారం సాయంత్రం 7:03

చీజ్ పులిహోర అనేసరికి కడుపులో తిప్పింది. ఒప్పుకున్నాను.

పెసరట్టు99 | డాలస్ | బుధవారం రాత్రి 8:20

టమాటా వేయాలా వద్దా? మా రూమ్మేట్‌ది న్యూ ఆర్లీన్స్, టమాటా లేకుండా ఎలా అంటున్నాడు. అతని ఫ్రెండ్‌ది బ్రో బ్రిడ్జ్, వేస్తే పాడవుతుందంటున్నాడు. ఇద్దరూ అరగంటగా కొట్టుకుంటున్నారు. నా పెసరట్టు చల్లారిపోయింది.

బాటన్‌రూజ్_బాబాయ్ | బాటన్ రూజ్ | బుధవారం రాత్రి 9:15

టమాటా గొడవ తెగేది కాదు బాబూ. న్యూ ఆర్లీన్స్ క్రియోల్ వంటలో (ఆ ఊరి కలగలుపు వంట) టమాటా ఎక్కువ, పడమటి పల్లెల్లో తక్కువ అంటారు. కానీ మాక్ షూ దగ్గరికి వచ్చేసరికి కేజన్ ఇళ్లల్లోనే సగం మంది వేస్తారు, సగం మంది వేయరు. పప్పులో వెల్లుల్లి గొడవ లాంటిదే. వేస్తే ఒకటి, పండినది, గింజలు తీసి వేయండి. మూడు వేస్తే అది టమాటా కూర అవుతుంది.

ఇక అమ్మాయికి పద్ధతి చెప్తాను. ఆరు పొత్తులకు లెక్క. గింజలు నాలుగు కప్పుల పైన వస్తాయి.

ముందు పొత్తు ఒలిచి, పీచు పూర్తిగా తీయి. తడిగుడ్డతో పైనుంచి కిందికి తుడిస్తే మిగిలిన పీచు వచ్చేస్తుంది. వెడల్పు పళ్లెంలో తడిగుడ్డ మడతపెట్టి దాని మీద కండె మొదలు ఆనించి నిలబెట్టు, జారదు. పదునైన చాకుతో గింజ పైసగం మాత్రమే కోయి. ఒక చుట్టు అయ్యాక కండె చూస్తే చిన్నచిన్న గిన్నెలు వరుసగా పేర్చినట్టుంటుంది, ఒక్కో దాంట్లో పాలు. చాకు తిప్పి, వెనక వైపుతో, పైనుంచి కిందికి, కండెను తిప్పుకుంటూ గీకు. నిజామాబాద్ అమ్మాయి చెప్పినట్టే. మొదట చుక్కలు చుక్కలుగా, తర్వాత ముద్దగా వస్తుంది. కండె పొడిగా, గరుకుగా తగిలితే ఆపేయి, ఇంకా గీకితే పొట్టు వస్తుంది, నోట్లో పిప్పిలా అడ్డుపడుతుంది. గోడ మీద, జుట్టు మీద పడతాయి, పాత చీర కట్టుకో.

మందపాటి గిన్నెలో మూడు చెంచాల వెన్న, ఒక చెంచా నూనె. ఒక పెద్ద ఉల్లిపాయ, సగం పచ్చ కాప్సికం, ఒక సెలెరీ (వాసన ఉండే ఆకుకూర) కాడ, అన్నీ మొక్కజొన్న గింజంత సైజులో తరిగి వేయి. ఈ మూడింటినీ వీళ్లు హోలీ ట్రినిటీ అంటారు. మనకు ఉల్లి, అల్లం, వెల్లుల్లి ఎంతో వీళ్లకు ఇవి అంత. పది నిమిషాలు, తొందర లేదు. ఉల్లిపాయ మెత్తబడి అంచులు ఎర్రబడాలి. చివర్లో రెండు వెల్లుల్లి రెబ్బలు. టమాటా వేసేట్టయితే ఇప్పుడే వేసి, నీరంతా ఇగిరిపోయి నూనె తేలేదాకా ఉంచు. పులుపు ఇక్కడే లొంగిపోవాలి, మొక్కజొన్నతో కలిసి కాదు.

అప్పుడు గింజలు, గీకిన పాలు, ఉప్పు, చిటికెడు మిరియాలు, పావు చెంచా కయెన్ మిరపపొడి (ఇక్కడి కారం). మంట బాగా తగ్గించి మూత పెట్టు. ఐదేసి నిమిషాలకొకసారి మూత తీసి అడుగంటా కలుపు. అడుగున పల్చగా అంటుకుని గోధుమ రంగు పొర కడుతుంది, భయపడకు. రెండు మూడు చెంచాల నీళ్లు చల్లి గీరి కలుపు. రుచంతా అక్కడే ఉంది. మాడితే మాత్రం గీరకు, గిన్నె మార్చేయి. లేతగింజలైతే ఇరవై నిమిషాలు, కాస్త ముదిరితే అరగంట పైనే. గరిటెతో అడుగున గీత గీస్తే రెండు క్షణాలు అలాగే నిలిచి, నెమ్మదిగా మూసుకోవాలి. దించే ముందు ఉల్లికాడలు.

పంచదార వద్దు. క్రీమ్ కావాలంటే దించాక రెండు చెంచాలు, అదీ నీ మనసు ఊరుకోకపోతేనే.

ఇనప_మూకుడు | హ్యూస్టన్ | బుధవారం రాత్రి 9:40

రెండు చేర్పులు. బేకన్ లేనందుకు పొగ వాసన ఉండదు కదా, దానికి అర చెంచా పొగపెట్టిన పాప్రికా (ఘాటు తక్కువ మిరపపొడి) వెన్నలో వేసి పది క్షణాలు తిప్పండి, ఎక్కువైతే చేదు. లేదా రెండు పొత్తుల్ని ముందే మంట మీద అక్కడక్కడా మచ్చలు పడేదాకా కాల్చి, వాటి గింజలు కలపండి. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఇక బజార్లో అమ్మే కేజన్ మసాలా వాడితే ఉప్పు అసలు వేయకండి. చాలా వాటిలో సగం ఉప్పే ఉంటుంది.

గీకేసిన కండెల్ని విరిచి, మునిగేటన్ని నీళ్లలో అరగంట మరిగించండి. లేత పసుపు రంగు నీళ్లు వస్తాయి. వీళ్లు చికెన్ నీళ్లు పోసే చోట మీరు అవి పోయండి. అడుగు గీరడానికి కూడా అవే.

హైదరాబాదీ_హలీమ్ | హైదరాబాద్ | గురువారం ఉదయం 10:10

ఇక్కడ ఎలా చేయాలి అన్నా? సెలెరీ మా వైపు దొరకదు. కయెన్ మిరపపొడి కూడా లేదు.

ఇందూరు_మక్క | నిజామాబాద్ | గురువారం ఉదయం 10:32

మీ దగ్గర ప్యాకెట్ స్వీట్ కార్న్ దొరుకుతుంది కదా, అది మూడు కప్పులు తీసుకోండి. దానికి రెండు నాటు పాలకంకులు తురిమి కలపండి. కొబ్బరి కోరుకునే కోరంతో తురిమినా వస్తుంది. తీపి వాటి నుంచి, చిక్కదనం వీటి నుంచి. నిన్న విత్తనాల తమ్ముడు చెప్పింది చదివి రాత్రి ఇలాగే చేసి చూశాను. మా నాన్న రెండుసార్లు వడ్డించుకున్నాడు. కానీ పేరు అడిగితే "మక్క షూ" అని చెప్పాను, అదే ఖాయమైంది మా ఇంట్లో.

ఇనప_మూకుడు | హ్యూస్టన్ | గురువారం ఉదయం 10:50

కయెన్‌కీ మన గుంటూరు సన్నం కారానికీ ఘాటులో పెద్ద తేడా లేదు, అంతే వేసుకోండి. సెలెరీ లేకపోతే వదిలేయండి. కొత్తిమీర కాడలు మాత్రం వేయకండి, వాసన పూర్తిగా మారిపోతుంది.

ఇంకోటి, కేజన్ అంటే నోరు మండిపోవాలని చాలామంది అనుకుంటారు. మాక్ షూ అలాంటిది కాదు. కారం వెనక ఎక్కడో గొంతులో తెలియాలి, అంతే.

బయ్యూ_కోడలు | లఫాయెట్ | శుక్రవారం రాత్రి 10:25

నాలుగు పొత్తులతో రిహార్సల్ అయింది. రిపోర్టు.

గీకడం ఒక యజ్ఞం. మొదటి కండెకు చాకు వెనక వైపు బదులు పదును వైపే పెట్టి గీకాను, పొట్టంతా వచ్చింది. ఆ ఒక్కటి పక్కన పెట్టాను. రెండో దానికి కుదిరింది. బాబాయ్ గారన్న చిన్నచిన్న గిన్నెలు చూశాను, నిజంగానే పాలతో నిండి ఉన్నాయి. మిగిలిన మూడు కండెలకు ముప్పావు కప్పు పైనే వచ్చింది. కిటికీ అద్దం మీద, ఫ్రిజ్ మీద, మా పాప చెవి మీద కూడా తెల్లటి చుక్కలే. పాప అక్కడికి ఎప్పుడు వచ్చిందో కూడా చూడలేదు.

మగ్గుతుంటే పదో నిమిషానికి చిక్కబడటం మొదలైంది. పాల చుక్క వేయలేదు, క్రీమ్ వేయలేదు, కానీ తెల్లగా, గుజ్జుగా, గింజకు అంటుకుని ఉంది. పదిహేనో నిమిషంలో ఫోన్ వచ్చి మాట్లాడుతుంటే అడుగంటింది. గోధుమ రంగులోనే పట్టుకున్నాను, కండెల నీళ్లు పోసి గీరాను. ఇల్లంతా వేయించిన మొక్కజొన్న వాసన. మా ఆయన ఈసారి "ఏంటిది" అనలేదు, అన్నంలో కలుపుకుని తిన్నారు.

ఒకటే అనుమానం. ఉప్పు సరిపోయినా ఏదో తక్కువైనట్టుంది.

బాటన్‌రూజ్_బాబాయ్ | బాటన్ రూజ్ | శుక్రవారం రాత్రి 10:41

పులుపు తక్కువైంది. టమాటా వేయలేదు కదూ? దించాక నాలుగు చుక్కల మిరప సాస్ వేయి. వెనిగర్‌లో నానిన మిరప సాస్ ఇక్కడ ప్రతి బల్ల మీదా ఉండేది అందుకే. టబాస్కో అనే సాస్ 1868 నుంచి మీకు దగ్గర్లోనే, ఏవరీ ఐలండ్‌లో తయారవుతోంది. ఘాటు కోసం కాదు, ఆ వెనిగర్ కోసం.

అన్నంలో కలుపుకున్నారంటే మీ ఆయనకు వీళ్ల పద్ధతి అబ్బినట్టే. ఇక్కడివాళ్లు కూడా దేన్నైనా అన్నం మీదే వేసుకుంటారు. మీకు పక్కనే ఉన్న క్రౌలీ చుట్టుపక్కల అంతా వరిచేలే. నేను మొదటిసారి ఆ దారిలో కారులో వెళ్తుంటే తెనాలి దాటుతున్నానేమో అనిపించింది.

కరివేపాకు_కట్ట | చికాగో | శనివారం ఉదయం 9:00

బాబాయ్ గారూ, వీళ్లు మొక్కజొన్నతో ఇంకేం చేస్తారు? నాకు ఇప్పుడు ఆసక్తి పెరిగింది. (ఆవాలు వేయనని మాటిస్తున్నా.)

బాటన్‌రూజ్_బాబాయ్ | బాటన్ రూజ్ | శనివారం ఉదయం 9:35

కూష్ కూష్ అని ఉంది. మొక్కజొన్న పిండిని ఉప్పు, నీళ్లతో తడిపి, ఇనప మూకుడులో వేడి నూనెలో వేసి, అడుగున పొరకట్టనిచ్చి, విరగ్గొట్టి కలుపుతూ పొడిపొడిగా చేస్తారు. చల్లటి పాలు, చెరకు పాకం పోసుకుని పొద్దున్నే తినేది. పేదింటి టిఫిన్. మన ఉప్మాకి, మక్క గటకకి మధ్యలో ఉంటుంది అనుకో. ఆ తరం పోతే ఇది కూడా పోయేట్టుంది, హోటళ్లలో పెద్దగా కనపడదు.

బయ్యూ_కోడలు | లఫాయెట్ | ఆదివారం రాత్రి 9:55

వచ్చేశాం. కుర్చీలో కూలబడి టైప్ చేస్తున్నాను.

పొద్దున్నే పన్నెండు పొత్తులతో చేశాను. ముదిరిన రెండూ వేయలేదు, కాల్చుకున్నాం. ఒక టమాటా వేశాను, నీరు ఇగిరేదాకా ఆగాను, మంట మీద మచ్చలు పడేలా కాల్చిన మూడింటి గింజలు కూడా కలిపాను. వాళ్ల పెరట్లో ముప్పై మంది ఉన్నారు. నా గిన్నె బంగాళాదుంప సలాడ్ పక్కన పెట్టారు. పక్కింటావిడ మూత తీసి, ఏం మాట్లాడకుండా గరిటెతో అడుగునుంచి తిప్పి చూశారు. నా గుండె ఆగింది. చెంచాతో కొంచెం నోట్లో వేసుకుని, "కండెలు ఏం చేశావు?" అన్నారు.

మరిగించి ఆ నీళ్లు పోశానని చెప్పాను. తన మనవరాలిని పిలిచి, ఫ్రెంచిలో ఏదో గబగబా అని, నా వైపు చెయ్యి చూపించారు. ఆ అమ్మాయి నవ్వుతూ, "మా నాయనమ్మ నన్ను తిడుతోంది. నేను డబ్బా మొక్కజొన్నతో చేస్తానని" అంది.

పెద్దావిడ మాత్రం పొగిడేసి వదిలిపెట్టలేదు. ముక్కలు పెద్దగా తరిగావు, ఉల్లికాడలు ఇంకాస్త ముందు వేయాల్సింది అన్నారు. మా అత్తగారు గుర్తొచ్చారు. గిన్నె ఖాళీగా ఇంటికొచ్చింది. మా ఆయన కోసం బీన్స్‌లో ఏముందో అడిగాను. పంది మాంసం వేశారట, అందుకే ఆయన అన్నం, మాక్ షూతోనే కడుపు నింపుకున్నారు.

అసలు సమస్య ఇప్పుడు మొదలైంది. వచ్చేటప్పుడు ఆవిడ ఇంకో గోనెసంచి చేతిలో పెట్టారు. ఈసారి మూడు డజన్లు. ఏం చేయాలి దేవుడా?

ఇనప_మూకుడు | హ్యూస్టన్ | ఆదివారం రాత్రి 10:08

వీళ్లు ఏటా చేసేదే చేయండి. ఈ రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టి, రేపే అంతా గీకి, పెద్ద గిన్నెలో మాక్ షూ చేసేయండి. ఉల్లికాడలు, క్రీమ్ వద్దు, అవి తినే రోజు వేసుకోవచ్చు. ముప్పావు వంతు ఉడికాక దించి, వెడల్పు పళ్లాల్లో పరిచి చల్లార్చి, జిప్ సంచుల్లో రెండేసి కప్పులు పోసి, గాలి తీసి పల్చగా అణచి ఫ్రీజర్‌లో పడుకోబెట్టండి. పల్చగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది, కరగడమూ త్వరగానే. సంక్రాంతికి కూడా తినొచ్చు.

బయ్యూ_కోడలు | లఫాయెట్ | ఆదివారం రాత్రి 10:15

రేపా! చేతులు పడిపోయాయి.

ఇందూరు_మక్క | నిజామాబాద్ | సోమవారం ఉదయం 8:50

ఆరు పొత్తులు పక్కన పెట్టండి అక్కా. పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర వేసి బరకగా రుబ్బి గారెలు వేసి, వేడివేడిగా ఆవిడకే పంపండి. కండెలు ఏం చేశావని ఈసారి ఆవిడను అడగనివ్వకండి, మీరే ముందు చెప్పేయండి.